అమ్మవారి కట్టు, బైరాగి వెలి

నేను ఒక మనిషిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాను. అతను తప్పు చేయలేదని నాకు తెలుసు. తెలిసే వెళ్ళగొట్టాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. అక్షరాలు రాక కాదు. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. యాభై దాటాక, వేట లేని పూటల్లో, మా పేట బడి అరుగు మీద ఆడవాళ్ళ పక్కన కూర్చుని దిద్దుకున్నాను. నవ్వినవాళ్ళు నవ్వారు. పేపర్లో నా కూతురి పేరు ఎక్కడుందో ఇంకొకడు వేలు పెట్టి చూపించక్కర్లేకుండా నేనే చదువుకోవాలని నేర్చుకున్నాను. అదీ జరిగి చాలా కాలమైంది. ఆ చేత్తో పేట తరపున అర్జీలు రాశాను, సంతకాలు పెట్టాను, పిల్లల పేర్లు రాసి బడికి పంపాను. ఇది మాత్రం రాయలేదు. చదువు రాదన్న సాకు నాకు లేదు.

తడి వల భుజం మీద వేసుకుని తిరుగుతున్నట్టు ఉంటుంది. ఎండిన వల బరువు తెలియదు. తడిసిందే తెలుస్తుంది. నాది ఇన్నేళ్ళూ ఎండలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ ముఖం చూస్తే నేను మాట మార్చేస్తాను. ఆ అలవాటు నాకుంది. పెద్దరికం చేసినవాడికి అది తొందరగా అబ్బుతుంది. ఇందులో నా పేరు రాయను. మా పేట పేరు రాయను, బారువ దగ్గర ఒడ్డున ఉన్న పేటల్లో ఒకటనుకోండి. నా కూతురి పేరూ, ఆమెతో కలిసి ఆడిన అమ్మాయి పేరూ మార్చాను. బైరాగి పేరు మార్చలేదు. ఆ పేరు చెడగొట్టింది నేను. చెడిన పేరును ఇంకో పేరు పెట్టి బాగుచేయలేం.

నా కూతుర్ని పోలమ్మ అంటాను. మా పేటలో చిన్న బడి తప్ప లేదు. టెక్కలిలో మిషన్ వాళ్ళు నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉంటే అక్కడ చేర్చాను. మాది అమ్మవారిని కొలిచే ఇల్లు, వాళ్ళది ప్రార్థన చేసుకునే ఇల్లు. నేను అది చూడలేదు. అన్నం పెడతారు, చదువు చెబుతారు, చాలు అనుకున్నాను. అక్కడ ఎస్తేరు అనే పిల్లతో పోలమ్మకి జత కుదిరింది. ఎస్తేరు తండ్రి పలాసలో జీడిపప్పు వ్యాను నడిపేవాడు, ఆదివారం వాళ్ళ బాప్టిస్టు చర్చిలో పాట ఎత్తుకునేవాడు.

హాస్టల్ వెనక మట్టి నేల మీద డ్రిల్లు మాస్టారు ముగ్గుపిండితో గీతలు గీసి బ్యాడ్మింటన్ ఆడించేవాడు. నెట్టు లేదని పోలమ్మ చెబితే నా పాత వల ముక్క ఒకటి పట్టుకెళ్ళాను. కట్టి చూశారు. ఈకల కాక్ ఆ వల కన్నాల్లోంచి అవతలికి దూరిపోయింది.

"ఇది సేపలు పట్టడానికి బాగుంటాది గానీ పెద్దయ్యా, కాక్కి దారి సూపిత్తంది," అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చి చిన్న కన్నుతో ఇంకొకటి అల్లి ఇచ్చాను. ఆ నెట్టు కిందే వాళ్ళిద్దరూ పెరిగారు.

ఆట నాకు మొదట్లో అర్థం కాలేదు. ఇద్దరు ఒక పక్క, ఇద్దరు ఒక పక్క. ఎస్తేరు నెట్టు దగ్గర నిలబడేది, పొట్టిగా, చురుగ్గా. పోలమ్మ వెనక నిలబడి కొట్టేది. వలతాడు లాగిన భుజం దానిది. విడివిడిగా ఆడితే ఇద్దరూ మామూలు పిల్లలే, కలిసి ఆడితే మాత్రం జిల్లాలో ఎదురులేదు అనేవాడు మాస్టారు. నాకు తెలిసింది ఒకటే. తెప్ప మీద ఇద్దరు మనుషులు మాట లేకుండా ఒకరి బరువుకి ఒకరు సర్దుకుంటారే, ఈ పిల్లలూ అలాగే సర్దుకుంటున్నారు. ఒకతె పక్కకి జరిగితే రెండో పిల్ల చూడకుండానే ఆ ఖాళీలోకి వస్తోంది.

నేనూ బైరాగీ అలాగే ఉండేవాళ్ళం. ఒకే తెప్ప మాది. అతను నా భార్య తరపు చుట్టం, నన్ను బావా అని పిలిచేవాడు. తక్కువ మాటల మనిషి. మాట్లాడితే వేళాకోళం. పిల్లలు లేరు. పోలమ్మని "నా గుంట", అంటే నా పిల్ల, అనేవాడు, అది సెలవులకి వస్తే ముందు వాళ్ళింట్లో తినేది. అతని భార్య చిట్టెమ్మ ఎండుచేపలు గంపకెత్తుకుని పలాసకీ కోటబొమ్మాళి సంతకీ వెళ్ళేది.

ఇక కట్టు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేనేం చేశానో మీకు తెలియదు.

మా నాన్న తరవాత పేట పెద్దరికం నాకు వచ్చింది. అమ్మవారి సంబరానికి ముందు ఊరికి కట్టు వేస్తాం. పసుపునీళ్ళు చల్లుకుంటూ పొలిమేర చుట్టూ తిరిగి, దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కడతాం. తాడు కట్టేది పెద్ద చెయ్యే. కట్టు పడ్డాక సంబరం దిగేదాకా పేట మనిషి బయటికి పోకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు, తెప్ప నీళ్ళలో పడకూడదు. ఎవరైనా దాటితే ఆ ఏడు సముద్రం మనిషిని తీసుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. నేనూ నమ్మేవాడినా? నమ్మేవాడిననే అనుకుంటున్నాను. నమ్మకపోతే తప్పు చిన్నదైపోతుందా? కాదు.

తొంభైల చివర ఒక ఏడు. పోలమ్మ సంబరానికి ఇంటికి వచ్చింది. రమ్మని పట్టుబట్టింది నేనే. విశాఖపట్నంలో రాష్ట్రం పోటీలు జరుగుతాయని, గెలిచిన జతని హైదరాబాదులో శిక్షణకి తీసుకుంటారని తెలుసు. సంబరం దిగాక కదా అనుకున్నాం. కట్టు వేసిన మర్నాడు తాడు సరిచూసుకోవడానికి నేనొక్కడినే పొలిమేరకి వెళ్ళాను. తాడుకి అవతల ఎస్తేరూ వాళ్ళ నాన్నా నిలబడి ఉన్నారు. పోటీలు అనుకున్న రోజు కంటే ముందుకి జరిగాయని చెప్పారు. తాడు చూసి లోపలికి రాలేదు. మతం వేరైనా మర్యాద తెలిసిన మనిషి.

"మావా, దాన్ని పంపీ. రేపు రైలెక్కాల," అంది ఎస్తేరు.

"కట్టు పడిపోనాది తల్లీ."

"అది రాకపోతే నా పేరు కూడా కొట్టీత్తారు. జత కదా. మీ కట్టు మీకు మావా, నన్ను కూడా కట్టీసినావేటి?"

పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్ల. ఏడవలేదు. అడగాల్సింది అడిగింది. వాళ్ళ నాన్న ఒక్క మాటే అన్నాడు, రేపు మధ్యాహ్నం దాకా జీడితోటల అవతల రోడ్డు మీద వ్యాను పెట్టుకుని ఉంటానని.

మర్నాడు మధ్యాహ్నం అమ్మవారి దగ్గర పెద్ద పూజ. పేట మొత్తం అక్కడే ఉంటుంది. దారి ఖాళీగా ఉంటుంది. కానీ పూజలో అందరికంటే ముందు నిలబడాల్సింది పెద్ద. నేను వెళ్ళలేను. ఆడపిల్లని ఒక్కదాన్నే జీడితోటల్లోంచి పంపలేను. బైరాగిని పక్కకి పిలిచి, పిల్లని తోటలు దాటించి వ్యాను ఎక్కించమన్నాను. అతను వేపపుల్ల నములుతూ విన్నాడు.

"మరి అమ్మోరికేటి సెప్తావు బావా?"

"నాను సెప్పుకుంటాను."

"మనుసులకి?"

"ఆలకీ నానే సెప్పుకుంటాను."

"అయితే సరే. నువ్వు సెప్పుకుంటానంటే నాకేటి," అన్నాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. నా మాట మీద. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మా ఇంటిది గుమ్మంలో అడ్డంగా ఈతాకు చాప కట్టి, పిల్ల ముట్టయింది, లోపలుంది అని చెప్పింది. కట్టు రోజుల్లో ముట్టయిన పిల్లని ఎవరూ చూడబోరు. పూజ మొదలైంది. డప్పులు మోగుతున్నాయి. నేను ముందు నిలబడి చేతులు జోడించాను. వెనక్కి తిరిగి చూడలేదు. హారతి అయ్యేసరికి బైరాగి గుంపులోకి వచ్చి నిలబడ్డాడు, ఒళ్ళంతా చెమట. నా వైపు చూసి చిన్నగా తలాడించాడు. పిల్ల వ్యాను ఎక్కేసిందని అర్థం. నాకు ఎంత తేలికైందో. దేవత ముందు నిలబడి, దేవతని మోసం చేసి, నేను తేలికపడ్డాను.

సంబరం దిగింది. తాడు విప్పాను. పిల్ల చీకటితోనే హాస్టల్‌కి వెళ్ళిపోయిందని మా ఇంటిది అందరికీ చెప్పింది. మర్నాడు తెప్పలు వేటకి దిగాయి. గాలి మంచిది కాదు. కెరటాలు విరిగే చోట ఒక తెప్ప తిరగబడింది. ఎర్రమ్మ కొడుకు సూరి పోయాడు. మీసం సరిగ్గా రాని కుర్రాడు. ఒడ్డుకి తెచ్చి పడుకోబెట్టారు, ఎర్రమ్మ వాడి నోట్లో ఇసక వేలితో తీస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రమే డ్రిల్లు మాస్టారు స్కూటరు మీద వచ్చాడు. నవ్వుకుంటూ వచ్చి, ఏడుపులు విని నిలబడిపోయాడు. నేను తెప్పల చాటుకి తీసుకెళ్ళాను. పిల్లలు గెలిచారు. ఇద్దర్నీ హైదరాబాదు రమ్మన్నారు. అటునుంచి అటే పోతున్నారు. "పెద్దయ్యా, నీ గుంట కొట్టిన కొట్టుడికి ఆల్లు నెట్టు కాడకి రానేదు," అని గుసగుసగా చెబుతున్నాడు పాపం, చావు ఇంటి ముందు గట్టిగా చెప్పలేక. ఒక చెవికి ఎర్రమ్మ ఏడుపు, ఒక చెవికి ఈ మాట. ఆ రోజు నేను సంతోషించాను. సూరి ఇంకా ఇసకలోనే ఉన్నాడు, నేను సంతోషించాను. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కర్మ అయ్యాక వలల పాకలో పేట కూర్చుంది. అమ్మవారు పూనే దాసుడు అప్పటికే చెప్పేశాడు, కట్టు తెగిందని. ఎవరు తెంచారన్నది తేలాలి. ఎర్రమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని అందరి కాళ్ళ వైపు చూస్తోంది. అప్పుడొకడు లేచాడు. పూజ వేళ బైరాగి లేడని, హారతికి వచ్చినప్పుడు అతని కాళ్ళకి ఎర్రమట్టి ఉందని చెప్పాడు. మా ఒడ్డున ఉన్నది ఇసక. ఎర్రమట్టి పొలిమేర దాటాకే, జీడితోటల్లో.

అడగాల్సింది పెద్ద. అడిగాను.

"బైరాగీ, పొలిమేర దాటేవా?"

"దాటేను బావా."

"ఎందుకెల్లేవు?"

అతను నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. తెప్ప మీద తెడ్డు అందించేటప్పుడు చూసే చూపే.

"ఎందుకో నీకు తెల్దేటి?"

"నాకేటి తెల్సు," అన్నాను.

వెనకనుంచి ఎవడో, "సారాకెల్లుంటాడు, ఇంకేటి," అన్నాడు.

"నీకు పొయ్యకుండా నానెప్పుడు తాగేన్రా?" అన్నాడు బైరాగి. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎర్రమ్మ తలెత్తింది. నవ్వు ఆగిపోయింది.

బైరాగి మళ్ళీ నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"బావా. నువ్వు సెప్పుకుంటానన్నావు."

అంతే. పోలమ్మ పేరు ఎత్తలేదు. ఎత్తితే అయిపోయేది. నన్ను చూస్తూ ఆగాడు. నేను నోరు తెరుస్తానని చూశాడు. పాకంతా నా నోటి వైపే చూస్తోంది.

"నాను సెప్పేది ఒకటే," అన్నాను. "కట్టు దాటినోడికి వెలి."

అతను సరేనన్నట్టు తలాడించాడు. గుమ్మం పక్కన నిలబడ్డ చిట్టెమ్మ దగ్గరకి వెళ్ళి, పద, అన్నాడు.

వెలి అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. కొట్టరు, తిట్టరు. మాట్లాడరు. నూతి దగ్గర చిట్టెమ్మ చేద వేస్తే మిగతావాళ్ళు తమ చేదలు తీసేస్తారు. నిప్పు ఇవ్వరు. తెప్ప మీద చోటు ఉండదు. మన ఇంటి ముందు నుంచి నడిచి వెళుతున్నా వాళ్ళు లేనట్టే. ఎంతమంది ఉండగలరు అలా? కొంత కాలానికి వాళ్ళు పలాసలో రైలెక్కి గుజరాత్ వెళ్ళిపోయారు, వెరావల్ బోట్లలో పనికి. వెళ్ళే రోజు మా ఇంటి ముందు నుంచే వెళ్ళారు. చిట్టెమ్మ నెత్తిన మూట. నేను లోపల కూర్చుని వల బాగుచేస్తున్నాను. చేతిలో వల లేదు. బాగుచేస్తున్నట్టు కూర్చున్నాను.

ఎందుకు చేశాను?

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. నేను నిజం చెబితే వెలి మా ఇంటికి పడుతుంది, పిల్లని వెనక్కి తేవాల్సి వస్తుంది, ఎర్రమ్మ శాపం దాని మీద పడుతుంది, దానితో పాటు ఎస్తేరు కూడా ఇంటికి చేరుతుంది. ఇద్దరు ఆడపిల్లల బతుకు ఒక పక్క, పిల్లాజెల్లా లేని ఒక మగవాడు ఇంకో పక్క. తూకం వేశాను అనుకున్నాను. బాగుంది కదా జవాబు? తండ్రి మాటలా ఉంది కదా? చాలా కాలం నేను దాన్ని నమ్మాను. కానీ ఆ క్షణాన పాకలో నాకు పోలమ్మ గుర్తుకే రాలేదు. నిజంగా రాలేదు. నా చేతులు గుర్తొచ్చాయి. తాడు కట్టింది ఈ చేతులే, ఇవే తెంచాయంటే రేపటి నుంచి ఈ పాకలో నేను ఎక్కడ కూర్చోవాలి, నా మాట ఎవడు వింటాడు, అదే గుర్తొచ్చింది. కూతురి మీదికి నెట్టింది తరవాత.

సూరిని తీసుకున్నది అమ్మవారా, గాలా? నాకు తెలియదు. దాన్ని నేను తేల్చలేను, తేల్చబోను. గాలే అయితే బైరాగికి శిక్ష ఎందుకు? అమ్మవారే అయితే ఆ శిక్ష నాది. ఎటు తిప్పినా అతనిది కాదు.

పోలమ్మ పైకి వెళ్ళింది. రాష్ట్రానికి ఆడింది, దేశానికి ఆడింది, ఆట మీదే ఉద్యోగం వచ్చింది. ఆటే దాని తిండి అయింది. ఎస్తేరుతో జత చాలా ఏళ్ళు నిలిచింది, ఎస్తేరు మోకాలు పాడయ్యేదాకా. తరవాత వేరే అమ్మాయిలతో, మగపిల్లలతో కలిసి కూడా ఆడింది. విమానాలెక్కి వెళ్ళింది, అక్కడి చలి గురించి ఫోనులో చెప్పేది. బైరాగి మావ ఏడి అని మొదట్లో అడిగేది. కూలి బాగుంటుందని గుజరాత్ వెళ్ళాడన్నాను. మా పేటలో సగంమంది మగాళ్ళు వెళుతున్న దారే కాబట్టి నమ్మింది.

ఒకసారి హైదరాబాదు వెళ్ళి పెద్ద హాల్లో దాని ఆట చూశాను. కాక్ సరిగ్గా ఇద్దరి మధ్యలోకి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇద్దరిలో ఒకరు గట్టిగా "నాది" అని అరిచేవారు. అరిస్తే రెండోవాళ్ళు ఆగిపోతారు. ఎవరూ అరవకపోతే కాక్ మధ్యలో పడిపోతుంది, ఇద్దరూ చూస్తూ ఉండగా. అలా అరవడం కొట్టడం కంటే ముందు నేర్చుకోవాలని పోలమ్మ చెప్పింది. పక్కనున్నవాళ్ళు నీ బిడ్డ భలే ఆడుతోందని నా వీపు తట్టారు. నేను సగం ఆటలోనే నీళ్ళు తాగుతానని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

బైరాగి అక్కడే పోయాడు. బోటు మీద జ్వరం అన్నారు. అక్కడే కాల్చేశారు. చిట్టెమ్మ తిరిగొచ్చి మూలపేటలో అక్క దగ్గర ఉంటోందని విన్నాను. విని ఊరుకున్నాను. ఒక రోజు కోటబొమ్మాళి సంతలో ఎదురుపడింది. చేపల గంప ముందు కూర్చుని ఉంది, జుట్టు తెల్లబడిపోయింది. నేను ఆగాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "సావిడాయిలు ఎలగిత్తన్నావు?" అని చేపల ధర అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. గంప మీద గోనెపట్టా కప్పి పక్కకి తిరిగింది. కోపం అనుకున్నాను. ఇంటికి వచ్చాక తెలిసింది అది కోపం కాదని. వెలి. వెలి పడ్డవాళ్ళు పేట మనిషితో మాట్లాడకూడదు. దాన్ని ఎత్తెయ్యాల్సింది వేసిన పెద్దే. నేను ఎత్తలేదు. మొగుడు పోయినా, పేటకి దూరంగా ఉన్నా, ఆమె ఇంకా దాన్ని పాటిస్తోంది. నేను పెట్టిన కట్టుబాటుని నేను తెంచాను. ఆమె తెంచలేదు.

అప్పుడైనా చెప్పానా? లేదు.

ఈ ఏడు పోలమ్మ ఆట మానేసింది. ఇక పిల్లలకి నేర్పిస్తుందట. పేటలో పందిరి వేసి సన్మానం చేశారు. ఇప్పటి పేట పెద్ద, గుజరాత్ వెళ్ళి తిరిగొచ్చిన కుర్రవాడు, మైకులో అన్నాడు, "కట్టు తప్పని పెద్దింటి బిడ్డ గాబట్టే అమ్మోరు ఇంత పైకి తీసుకెల్లినాది." చప్పట్లు కొట్టారు. నా మెడలో కూడా దండ వేశారు. అదే పేట, అదే నా నోరు, రెండోసారి. మళ్ళీ కూర్చునే ఉన్నాను. ఆ దండ తీసి పక్కన పెట్టినప్పుడు నాకు నా మీద అసహ్యం వేసింది. దుఃఖం కాదు, అసహ్యం. దుఃఖం అయితే ఇంకొన్నాళ్ళు మోసేవాడిని.

మర్నాడు పొద్దున్న ఒడ్డున పోలమ్మకి చెప్పేశాను. మొత్తం. దాని తల్లి ఈ మాట తనతోనే తీసుకుపోయింది, నేను అలా పోను అన్నాను. పోలమ్మ ఇసకలో కూర్చుని విన్నది. అయ్యాక నా వైపు తిరిగింది.

"నాన్నా, ఆ రోజు మేం ఓడిపోయుంటే సెప్పీసుందువా?"

నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. చెప్పేసి ఉండేవాడిని. పిల్ల ఓడి ఇంటికి వచ్చేస్తే దాచడానికి ఏమీ మిగలదు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు చెప్పేసి ఉండేవాడిని. అలా అనుకుంటున్నాను. పెద్దరికం గుర్తొస్తే అప్పుడూ చెప్పేవాడిని కానేమో. ఇది కూడా నాకు సరిగ్గా తెలియదు. ఆమె గెలుపుని నేను ఏం చేశానో ఆమెకి నాకంటే ముందు అర్థమైంది.

"ఎస్తేరుకి నానే సెప్తాను. సగం దానిది కదా," అంది. ఆ సాయంత్రం రైలెక్కింది. ఫోను చేస్తోంది. తిన్నావా, మందు వేసుకున్నావా అని అడుగుతుంది. ఆ సంగతి ఎత్తదు. నేనూ ఎత్తను. పాత పోలమ్మ కాదు. కాకూడదు కూడా.

ముందు చిట్టెమ్మ దగ్గరకి ఎందుకు వెళ్ళలేదని మీరు అడగొచ్చు. ఆలోచించాను. ఎవరూ లేనప్పుడు ఆమె ముందు కూర్చుని ఏడిస్తే అది నాకు సుఖం. ఆమెకేం లాభం? బైరాగి పేరు పోయింది పాకలో, పదిమంది ముందు. అక్కడే తిరిగి రావాలి. వెలి అక్కడే ఎత్తాలి. ఆ తరవాత మూలపేట వెళతాను. ఆమె మాట్లాడితే వింటాను. మాట్లాడకపోతే తిరిగొస్తాను. అది ఆమె ఇష్టం.

ఈసారి సంబరానికి తాడు కట్టే ముందు పేట కూర్చుంటుంది. అప్పుడు లేస్తాను. ఏం జరుగుతుందో కూడా నాకు తెలుసు. ఇప్పుడు కట్టు పేరుకే. గుజరాత్ నుంచి వచ్చే కుర్రాళ్ళ రైలు టిక్కెట్లని బట్టి వేస్తున్నారు, విప్పుతున్నారు. సగంమంది బైరాగిని చూడనైనా చూడలేదు. నాకూ వెలి వేయండి అంటే నవ్వుతారు. "పాత కతలెందుకు తాతా, కూకో," అంటారు. శిక్ష వేసేవాళ్ళు లేనప్పుడు ఒప్పుకోవడం ధైర్యమా? కాదు. ఆలస్యం. ఆ సంగతి తెలిసే లేస్తాను. ఎర్రమ్మ ఇంకా ఉంది. కళ్ళు కనిపించవు, చెవులు వినిపిస్తాయి. ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టమంటాను. కొడుకు పోయిన నాటి నుంచి ఆమె బైరాగిని తిట్టుకుంటూ బతికింది. ఎవరిని తిట్టాలో ఆమెకి తెలియాలి. కూకో అన్నా నేను కూర్చోను.

మిమ్మల్ని క్షమించమని అడగను. మీకు నేనేం చేశానని? క్షమించాల్సినవాడు వెరావల్ ఒడ్డున బూడిదైపోయాడు.

పాకలో చెప్పాల్సిన మాటలు ఇవి. బైరాగి తన పని మీద పొలిమేర దాటలేదు. కట్టు దాటింది నా కూతురు. దాటించమన్నది నేను. అది తెలిసి కూడా అతనికి వెలి వేసింది నేను. ఆ వెలి ఈ రోజు ఎత్తేస్తున్నాను.

ఇప్పుడే వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటా పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. గొంతు ఎక్కడా ఆగలేదు.